వానాకాలంలో మహాబలేశ్వర్: పుణె నుంచి రెండు రోజుల కారు ప్రయాణం ఎలా చేయాలి

జూలైలో మహాబలేశ్వర్ వెళ్తున్నామని చెబితే పుణెలో పక్క ఫ్లాట్ వాళ్ళు ముందుగా అనే మాట ఒకటే: "ఇప్పుడెందుకండీ, పొగమంచు తప్ప ఏం కనపడదు." వాళ్ళు అబద్ధమేమీ చెప్పడం లేదు. సీజన్‌లో జనం వరసకట్టి ఫొటోలు దిగే పాయింట్లన్నీ వానాకాలంలో తెల్ల దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాయి. ఆర్థర్స్ సీట్ దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడితే, కింద లోయ ఉందని నమ్మాలి, అంతే.

అయినా నేను వెళ్ళమనే చెప్తాను. గదుల అద్దెలు మే నెలతో పోలిస్తే సగం దాకా పడిపోతాయి. అది చిన్న కారణం. పెద్ద కారణం ఏమిటంటే, ఈ కొండల్లో చూడాల్సింది రాయి, నీళ్ళు. ఎండాకాలంలో రాయి దుమ్ము కొట్టుకుని బూడిద రంగులో ఉంటుంది, నీళ్ళు సన్నటి ధారలైపోతాయి. వాన పడ్డాక రాయి నల్లగా నిగనిగలాడుతుంది, ప్రతి మలుపులోనూ ఒక జలపాతం దిగుతుంటుంది. పైగా మన కృష్ణమ్మ పుట్టిల్లు ఇదే.

కాబట్టి మొదట చేయాల్సిన పని: 'చూడాల్సిన 15 పాయింట్లు' అని ఎవరో పంపిన లిస్టు ఉంటే చించేయండి.

ఇదంతా పుణెలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. హైదరాబాద్ నుంచి నేరుగా కారులో వద్దామనుకుంటే ఇంచుమించు 600 కిలోమీటర్లు. రెండు రోజుల సెలవుకి అది సరిపోదు, నడుం కూడా ఒప్పుకోదు. శుక్రవారం రాత్రి రైలెక్కి పుణెలో దిగి, అక్కడ కారు అద్దెకు తీసుకోండి. అంత ఓపిక లేనివాళ్ళకు వికారాబాద్ దగ్గర అనంతగిరి ఉండనే ఉంది. అక్కడ పుట్టే మూసీ కూడా చివరికి కృష్ణలో కలిసేదే.

1. తారీఖు ఎంచుకోవడం

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా ఇక్కడ ఆఫ్ సీజన్. ఈ మూడున్నర నెలలూ ఒకేలా ఉండవు. జూలై అసలు సిసలు వాన. మహాబలేశ్వర్‌లో ఏడాదికి సగటున 5,500 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది, అందులో జూలై వాటాయే ఎక్కువ. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపినా 800 చుట్టుపక్కలే. 2021 జూలైలో ఇక్కడ ఒకే ఒక్క రోజులో 594 మిల్లీమీటర్లు పడింది. అంటే హైదరాబాద్ ఏడాది వానలో ముప్పావు వంతు ఇరవై నాలుగు గంటల్లో కురిసిందన్నమాట. ఆ వానకే మహాబలేశ్వర్ నుంచి పోలాద్‌పూర్ దిగే అంబేనళి ఘాట్ రోడ్డు చాలాచోట్ల తెగిపోయింది.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు మధ్య దాకా మంచిదని నా అభిప్రాయం. జలపాతాలు ఇంకా నిండుగానే ఉంటాయి, గంటకోసారి మబ్బు విడిచి లోయ కాస్త కనిపిస్తుంది కూడా. ఆగస్టు 15 పక్కన శని, ఆదివారాలు వచ్చాయంటే మాత్రం వద్దు. ఆ మూడు రోజులు ఆఫ్ సీజన్ అనే మాటే ఉండదు, ముంబై సగం ఈ కొండ మీదే ఉంటుంది. శుక్రవారం ఒక్కరోజు సెలవు దొరికితే శుక్ర, శనివారాలు వెళ్ళి ఆదివారం ఇంట్లో బట్టలు ఆరేసుకోవడం అన్నిటికన్నా తెలివైన పని.

బయలుదేరే ముందు రెండు రోజులూ వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. మహాబలేశ్వర్ ఉన్న సాతారా జిల్లాకు మొత్తంగా ఏముందో చూసి ఊరుకోకండి, ఘాట్ ప్రాంతానికి వేరేగా ఇస్తారు. అదే మనకు కావాల్సింది. ఎల్లో అలర్ట్ అంటే వెళ్ళొచ్చు. ఆరెంజ్ అయితే రిసార్టుకు ఫోన్ చేసి రోడ్డు సంగతి కనుక్కుని నిర్ణయించుకోండి. రెడ్ అయితే ఇంట్లో పకోడీలు వేసుకోండి. అడ్వాన్స్ పోతుందని బాధపడుతూ ఘాట్ ఎక్కకండి.

2. రిసార్టుకు ఫోన్ చేయడం

యాప్‌లో ఫొటోలు చూసి నొక్కేయకండి. ఆ ఫొటోలన్నీ డిసెంబరులో తీసినవే. నేనూ మొదటిసారి అలాగే మోసపోయాను. లోయ కనిపించే గది అని బుక్ చేశాను. తీరా వెళ్తే లోయవైపు గోడంతా చెమ్మ, దుప్పటి ముట్టుకుంటే అప్పుడే పిండి ఆరేసినట్టుంది. వేడినీళ్ళు సోలార్ మీద. వారం రోజులుగా సూర్యుడు లేడు, నీళ్ళెక్కడి నుంచి కాగుతాయి? ఆ రాత్రి మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో దిండ్లు ఆరబెట్టింది. కరెంటు పోయేదాకా.

అప్పటి నుంచి బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడుగుతున్నాను, మీరూ అడగండి. గీజర్ కరెంటుదా, గ్యాస్‌దా, సోలారా? జనరేటర్ ఉందా, ఉంటే రాత్రంతా వేస్తారా, రెండు గంటలేనా? వానాకాలంలో వంటగది నడుస్తుందా? సీజన్ కాదని కొన్నిచోట్ల వంటవాళ్ళని ఊళ్ళకు పంపేసి టీ, ఆమ్లెట్‌తో సరిపెడతారు. మెయిన్ రోడ్డు నుంచి రిసార్టు దాకా తారు రోడ్డేనా? ఇది చాలా ముఖ్యం. కొండవాలు మీద కట్టిన రిసార్టుల్లో ఆఖరి అర కిలోమీటరు మట్టి దారి అయితే, చిన్న కారు దిగడం దిగుతుంది గానీ ఎక్కడానికి మొరాయిస్తుంది. చివరగా, ఘాట్ మూసేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో తారీఖుకు మారుస్తారా? జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి.

గది పై అంతస్తులో తీసుకోండి. కింది అంతస్తుకు చెమ్మ ఎక్కువ. లోయవైపు గదికి ఎక్కువ డబ్బు పెట్టకండి, కిటికీలో మీకు కనపడేది మబ్బే. వాన, గాలి పడమటి నుంచి కొడతాయి కాబట్టి పాతకాలంలో ఇక్కడ ఇళ్ళ గోడలకు గడ్డి తడకలు కట్టేవాళ్ళు. ఇప్పుడు చాలాచోట్ల నీలం ప్లాస్టిక్ పట్టాలు కడుతున్నారు. గోడకు పట్టా చుట్టి ఉందంటే ఆ రిసార్టు పాడుబడిందని కాదు, యజమానికి వాన సంగతి తెలుసని.

3. కారు, సామాను

వైపర్ రబ్బర్లు మార్చండి. కారు విషయంలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే అదొక్కటి చేయండి. పాతవి గీతలు గీస్తాయి, ఎదురు లారీ లైటు పడితే ఆ గీతలన్నీ మెరిసి ఏమీ కనపడదు. టైర్ల గాడులు, బ్రేకులు, బ్యాటరీ మెకానిక్‌కి చూపించండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో మీరే చూసుకోండి, అది ఎవరూ చూడరు.

గొడుగు తీసుకెళ్ళినా అక్కడి గాలికి తిరగబడుతుంది. రెయిన్‌కోట్ ఉండాలి. జీన్స్ వద్దు, తడిస్తే రెండు రోజులైనా ఆరదు. కారులో పాత న్యూస్‌పేపర్లు వేసుకోండి, రాత్రి తడిసిన బూట్లలో కుక్కితే పొద్దుటికి తేమ సగం లాగేస్తాయి. పగలు కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, కాబట్టి ఒక స్వెటర్. వెయ్యి, రెండు వేలు చిల్లర నోట్లుగా ఉంచుకోండి. ఊళ్ళోకి వెళ్ళేముందు చెక్‌పోస్టు దగ్గర ప్రవేశ రుసుము కట్టాలి, సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఒక డబ్బాలో కందిపొడి, చిన్న సీసాలో ఆవకాయ. నవ్వకండి. మొదటి రోజు పిఠ్లా-భాక్రీ, అంటే శనగపిండి కూర, రొట్టె, ఆహా అనిపిస్తుంది. రెండో రోజు మధ్యాహ్నానికి వేడన్నం ఎక్కడ దొరుకుతుందా అని చూస్తారు.

4. శనివారం పొద్దున: పుణె నుంచి వాయి దాకా

ఆరింటికి బండి కదలాలి. ఏడున్నరకు బయలుదేరినవాడు ఖేడ్ శివాపూర్ టోల్ దగ్గర వడాపావ్ తింటూ క్యూలో ఉంటాడు. దూరం మొత్తం 120 కిలోమీటర్లే, మామూలుగా మూడు గంటలు, వానలో నాలుగు వేసుకోండి. కాత్రజ్ సొరంగం దాటి బెంగళూరు హైవే మీద శిర్వళ్, ఖంబాట్కి మీదుగా వెళ్ళి, సురూర్ ఫాటా దగ్గర కుడివైపు వాయి రోడ్డు పట్టుకోవాలి. ఫాటా అంటే మనం అడ్డరోడ్డు అంటామే, అదే. సురూర్‌లో గానీ వాయిలో గానీ పెట్రోలు నింపుకోండి.

వాయిలో గంట ఆగండి. కృష్ణ ఒడ్డున ధోల్యా గణపతి గుడి ఉంది. 1762లో రాస్తే కుటుంబం కట్టించింది. ధోల్యా అంటే బానపొట్ట వేసుకున్న భారీ మనిషి అన్నమాట, విగ్రహం చూస్తే ఎందుకన్నారో తెలుస్తుంది. లోపల దణ్ణం పెట్టుకున్నాక గుడి వెనక్కి వెళ్ళి గోడ చూడండి. చేప ఆకారంలో మొన తేలి ఉంటుంది. కృష్ణకు వరదొచ్చినప్పుడు నీళ్ళు గోడను గుద్దకుండా రెండుగా చీలి పక్కల నుంచి పోవడానికి అలా కట్టారు. ఎండాకాలంలో వచ్చేవాళ్ళకు అది వట్టి వింత గోడ. ఆగస్టులో ఎర్రటి నీళ్ళు మెట్లెక్కి వస్తుంటే, ఆ మేస్త్రీ ఎంత ఆలోచించాడో అర్థమవుతుంది.

మనం కృష్ణా పుష్కరాలు అనేదాన్నే ఇక్కడ కన్యాగత్ అంటారు. గురుడు కన్యారాశిలోకి వచ్చినప్పుడు, మనకి విజయవాడలో ఎప్పుడో వీళ్ళకీ అప్పుడే. పోయినసారి 2016లో వచ్చింది.

5. పసరణి ఘాట్: రాయిని చదవడం

వాయి దాటగానే పసరణి ఘాట్ మొదలవుతుంది. వాయి 700 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, పంచగని సుమారు 1,300. పన్నెండు, పదమూడు కిలోమీటర్లలో అర కిలోమీటరుకు పైగా నిట్టనిలువు ఎత్తు ఎక్కుతారు. నడిపేవాళ్ళు రోడ్డే చూడాలి. పక్క సీట్లో ఉన్నవాళ్ళు కొండ కోతని చూడాలి.

ఇది అగ్నిపర్వత నేల. అలాగని శంఖాకారంలో కొండ, నెత్తిన గొయ్యి ఉంటాయని వెతక్కండి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట ఈ ప్రాంతంలో నేల పొడవునా పగిలి, ఆ పగుళ్ళలోంచి లావా పొంగి పరుచుకుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఒక పొర చల్లారాక దాని మీద ఇంకో పొర. పడమటి కనుమల్లో ఆ పొరలన్నీ కలిపి రెండు వేల మీటర్లు దాటిన మందం. వీటినే దక్కన్ ట్రాప్స్ అంటారు. ట్రాప్ అంటే వల కాదు, మెట్లు అనే అర్థమున్న స్వీడిష్ మాట నుంచి వచ్చింది. దూరం నుంచి చూస్తే కొండలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి కదా, అందుకు. మిగిలిన పొరలు ఇప్పటికీ ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉన్నాయి. మన ఆదిలాబాద్ పత్తి చేల నల్లరేగడి ఈ రాయి చివికి వచ్చిన మట్టే.

ఘాట్ ఎక్కుతున్నప్పుడు నల్లరాతి మధ్య ఎర్రటి అడ్డగీతలు కనపడతాయి. ఎవరో ఇటుక పొడితో గీత గీసినట్టు. రెండు లావా పొంగుల మధ్య ఖాళీ వచ్చినప్పుడు కింది పొర పైన మట్టి ఏర్పడింది, తర్వాత వచ్చిన లావా దాన్ని కాల్చింది. అంటే ఆ ఎర్రగీత ఒకప్పటి నేల. ఒక గీత నుంచి ఇంకో గీత దాకా ఒక విడత లావా అని లెక్కపెట్టుకుంటూ ఎక్కండి. మా అబ్బాయి వీడియో గేమ్ పక్కన పడేసి మొదటిసారి కిటికీలోంచి చూసింది ఈ లెక్క కోసమే.

దగ్గరగా చూడాలనుంటే ఘాట్ మధ్యలో, కొండకోత కింద బండి ఆపకండి. పైకెక్కాక హారిసన్స్ ఫాలీ అనే వ్యూ పాయింట్ దగ్గర విశాలమైన చోటు ఉంటుంది, అక్కడ దిగండి. ఏ రాయైనా సరే, తడిసినది ఒకటి చేతిలోకి తీసుకోండి. చాలా రాళ్ళలో, పెసరట్టు మీద బుడగలు పేలి గుంటలు పడినట్టు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. లావాలోంచి గాలి తప్పించుకున్న చోట్లవి. కొన్నిటిలో తెల్లటి పలుకులు నిండి ఉంటాయి. కోట్ల ఏళ్ళుగా నీళ్ళు ఊరి ఊరి ఆ గుంటల్లో పేరుకున్న ఖనిజం అది, జియోలైట్ అంటారు. చూసి అక్కడే పెట్టేసి రండి.

రాజమండ్రి వాళ్ళు కారులో ఉంటే ఇక్కడొక ముక్క చెప్పండి. ఈ కొండల్లోని లావా పొరలకు శాస్త్రజ్ఞులు ఇక్కడి ఊళ్ళ పేర్లే పెట్టారు: పోలాద్‌పూర్, అంబేనళి, మహాబలేశ్వర్. రాజమండ్రి పక్కన కాతేరులోనూ, గోదావరి అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోనూ తవ్వుతున్న నల్లరాయిని పరీక్షిస్తే అది అంబేనళి, మహాబలేశ్వర్ పొరల రాయితో సరిపోయింది. ఈ వైపు పొంగిన లావా నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి గోదావరి తీరం చేరిందని వాళ్ళ అంచనా. ప్రపంచంలో అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఒకటిగా దాన్ని లెక్కేస్తారు.

6. మబ్బులో బండి నడపడం

నడిపేవాళ్ళు ఇది మాత్రం రెండుసార్లు చదవండి. పసరణి సగం ఎక్కేసరికి మబ్బులోకి దూరతారు. అప్పటిదాకా వంద మీటర్లు కనిపించిన రోడ్డు పది మీటర్లవుతుంది. అలవాటు కొద్దీ చెయ్యి హైబీమ్ మీదకు పోతుంది. వేయకండి. వెలుతురు మబ్బుకు తగిలి మీ కళ్ళలోకే వస్తుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు చాలు. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపే అలవాటు మనవాళ్ళలో చాలామందికి ఉంది. అలా చేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు, ఆగి ఉన్నారో కదులుతున్నారో అంతకన్నా తెలియదు. ఆగినప్పుడే వేయండి.

అద్దం లోపల ఆవిరి పట్టడం ఇంకో బెడద. నలుగురి ఊపిరి, తడిబట్టలు. గుడ్డతో తుడిస్తే అర నిమిషంలో మళ్ళీ పడుతుంది. ఏసీ వేసి, గాలి ముందద్దానికి తగిలేలా తిప్పి, బయటి గాలి లోపలికొచ్చే బటన్ పెట్టండి. చలి వేస్తే వేడి పెంచండి గానీ ఏసీ ఆపకండి, తేమను లాగేది అదే.

ఇరుకు మలుపులో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. ఎర్రబస్సు ఎదురొస్తే నియమాలు చర్చించకుండా మీరే పక్కకు తప్పుకోండి. ప్రతి హెయిర్‌పిన్ దగ్గరా హారన్ కొట్టండి. దిగేటప్పుడు, ఇది రేపటికి, ఎక్కిన గేర్లోనే దిగాలి. ఆటోమేటిక్ కారైతే ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే వాయి చేరేసరికి కాలిన వాసన వస్తుంది.

రోడ్డు పక్కన 'దరడ్ ప్రవణ క్షేత్ర' అని మరాఠీలో బోర్డు ఉంటే, కొండచరియలు పడే చోటని అర్థం. అక్కడ ఫొటో వద్దు, టీ వద్దు, ఆగడమే వద్దు. కొండ మీంచి వచ్చే నీళ్ళు తేటగా ఉంటే జలపాతం. ఉన్నట్టుండి బురదరంగు తిరిగి, గులకరాళ్ళు దొర్లుతున్నాయంటే వెనక్కి తిరగండి. ఎదురొచ్చే జీపు డ్రైవర్‌ని "రస్తా చాలూ ఆహే కా?" అని అడగండి, రోడ్డు తెరిచే ఉందా అని. "దరడ్ కోసళలీ" అన్నాడంటే చరియ విరిగిపడిందన్నట్టు. మ్యాప్ ఏం చూపించినా ఆ డ్రైవర్ మాటే వినండి.

చీకటి పడ్డాక ఘాట్‌లో ఉండకూడదు. ఐదున్నరకల్లా రిసార్టులో ఉండాలి. దీనికి మినహాయింపు లేదు.

7. పంచగని, ఆపైన

పంచగనిలో టేబుల్ ల్యాండ్ ఎక్కండి. ఆసియాలో రెండో పెద్ద పీఠభూమి అని గుర్రబ్బండి వాళ్ళు చెప్తారు. ఆ పోటీ ఎవరు పెట్టారో, మొదటి బహుమతి ఎవరికొచ్చిందో తెలియదు గానీ, కొండ నెత్తిన రోటిపచ్చడి బండలా అంత చదునుగా ఉండటం మాత్రం నిజంగా వింతే. దాని పైకప్పు లేటరైట్. లావారాయి మీద లక్షల ఏళ్ళు వానలు పడి, కరిగేదంతా కరిగిపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలితే వచ్చిన ఎర్రరాయి. గట్టిగా ఉంటుంది కాబట్టి చుట్టూ కొండలు అరిగినా ఇది టోపీలా నిలబడింది. వానలో దాని గుంటలన్నీ కుంకుమ కలిపిన నీళ్ళలా ఉంటాయి. తెల్ల బూట్లు వేసుకెళ్ళకండి. మబ్బు దట్టంగా ఉంటే అంచు దాకా పోకండి, చాలాచోట్ల కంచె లేదు.

మధ్యాహ్న భోజనానికి పంచగని, మహాబలేశ్వర్ మధ్య గురేఘర్‌లో మాప్రో గార్డెన్ అందరూ ఆగే చోటు. దేశంలో పండే స్ట్రాబెర్రీలో సగానికి పైగా ఈ తాలూకా చుట్టుపక్కలదే. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే పంట చలికాలంలో మొదలై మార్చి, ఏప్రిల్‌తో అయిపోతుంది. ఆగస్టులో మీకిచ్చే క్రీమ్‌లో ఉండేది తాజా పండు కాదని తెలిసి తినండి. దానికన్నా రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు నయం. నిమ్మచెక్కతో కారం రాసి ఇస్తారు. వానలో నిలబడి తినండి.

వేణ్ణా చెరువులో పడవలు గట్టి వానలో తిప్పరు, దాని కోసం ఎదురు చూడకండి. వాన కాస్త తెరిపిస్తే లింగమళా జలపాతానికి నడవండి. ప్రతాప్‌గఢ్ మాత్రం ఆలోచించి వెళ్ళండి. 1659లో శివాజీ, బీజాపూర్ సేనాని అఫ్జల్ ఖాన్ ఎదురుపడింది ఆ కోట కిందే, చరిత్ర ఇష్టమున్నవాళ్ళకు ఆశగా ఉంటుంది. కానీ దారి ఆ అంబేనళి ఘాటే. చినుకులైతే సరే, కుండపోతైతే అక్టోబరులో ఇంకోసారి రండి.

సాయంత్రం రిసార్టు చేరాక చేయాల్సింది ఏమీ లేదు. చెప్పులు బయట వదిలి, కాందా భజ్జీ (ఉల్లిపాయ పకోడీ) ఒక ప్లేటు, అల్లం టీ తెప్పించుకుని వరండాలో కూర్చోండి. మబ్బు వరండాలోకే వస్తుంది. భజ్జీ ప్లేటుకీ మీకూ మధ్య నుంచి పోతుంది. అరగంటకు ఒకసారి గాలి తోస్తే ఎదుటి కొండ మీద ఏడెనిమిది తెల్లధారలు కనిపించి మళ్ళీ మూసుకుపోతాయి. ఫోన్ కెమెరా తెరిచేలోపు అయిపోతుంది.

8. ఆదివారం పొద్దున: క్షేత్ర మహాబలేశ్వర్

బజారు ఉన్న ఊరు వేరు, పాత మహాబలేశ్వర్ వేరు. ఐదారు కిలోమీటర్లు. ఏడింటికల్లా వెళ్ళండి, తొమ్మిదికి బస్సులొస్తాయి. అక్కడ పంచగంగ గుడిలో రాతి ఆవు నోట్లోంచి నీళ్ళు పడుతుంటాయి. కృష్ణ, కోయనా, వేణ్ణా, సావిత్రి, గాయత్రి, ఈ ఐదూ ఇక్కడే పుట్టాయని నమ్మకం. భాగీరథి పన్నెండేళ్ళకోసారి, సరస్వతి అరవై ఏళ్ళకోసారి వచ్చి కలుస్తాయని కూడా చెప్తారు. వీటిలో సావిత్రి పడమటికి దూకి దగ్గర్లోని సముద్రంలో కలిసిపోతుంది. కృష్ణకు అరేబియా సముద్రం ఇక్కడి నుంచి 64 కిలోమీటర్లే. అయినా అటు వెళ్ళదు. తూర్పుకు తిరిగి 1,400 కిలోమీటర్లు నడిచి హంసలదీవి దగ్గర కలుస్తుంది. మనకు నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజీ ఉన్నాయంటే ఆ తిరుగుడు వల్లే.

అక్కడి నుంచి నాలుగడుగులు నడిస్తే కృష్ణాబాయి గుడి. చాలామంది దీన్ని వదిలేసి వెళ్ళిపోతారు, మీరు వదలకండి. నల్లరాతి గుడి, నాచు పట్టి ఆకుపచ్చగా ఉంటుంది. మెట్ల మీద జారతారు, చెప్పులు లేని కాలు వేళ్ళతో రాయిని పట్టుకుంటూ దిగండి. లోపల ఆవు నోట్లోంచి వచ్చే ధార బొటనవేలంత లావు ఉంటుంది, చిన్న కుండంలో పడుతుంది. పైన లేటరైట్ స్పాంజిలా వాననీళ్ళు పీల్చుకుంటుంది, కింద గట్టి లావా పొర వాటిని దిగనివ్వదు, రెండింటి మధ్య నుంచి ఊట పక్కకు వస్తుంది. అందుకే ఈ కొండల్లో ఇన్ని ఊటలు.

మా అమ్మది అవనిగడ్డ వైపు. చిన్నప్పటి నుంచి కృష్ణ అంటే ఆవిడకు అవతలి గట్టు మసగ్గా కనిపించే నది. ఆ ధార కింద దోసిలి పట్టి, "ఇంతేనా?" అంది. తర్వాత చాలాసేపు చెయ్యి తీయలేదు.

సీసా తీసుకెళ్తే నీళ్ళు పట్టుకోండి. తాగడానికి కాదు, ఇంటికి.

9. తిరుగు ప్రయాణం

పదకొండుకల్లా కొండ దిగడం మొదలుపెట్టండి. ఆదివారం సాయంత్రం ఖేడ్ శివాపూర్ టోల్ దగ్గర ఏం జరుగుతుందో పుణె వాళ్ళకు చెప్పక్కర్లేదు. సెప్టెంబరులో వెళ్ళినవాళ్ళు వచ్చిన దారిన కాకుండా కేళఘర్ ఘాట్, మేఢా మీదుగా సాతారాకు దిగి కాస్ పీఠభూమి చూసి రావచ్చు. అదీ లేటరైట్ బండే, సన్నటి మట్టిపొర మీద నెల రోజులపాటు పూలు పరుచుకుంటాయి. పూల కాలంలో రోజుకు ఇంతమందినే అని లెక్క ఉంటుంది, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

ఇంటికి చేరాక బద్ధకించకుండా అదే రోజు కారు మ్యాట్లు తీసి ఆరేయండి, లేకపోతే బుధవారానికి కారంతా ముక్కవాసన. కారు అడుగుభాగం నీళ్ళతో కొట్టించండి, ఆ ఎర్రమట్టి ఎండితే గోకినా రాదు. కృష్ణ నీళ్ళ సీసా మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి దేవుడి గదిలో పెట్టండి. మేము ఫ్రిజ్ పక్కన పెట్టాం, మా బావమరిది ఆఫీసుకు పట్టుకెళ్ళిపోయాడు.